పేరుపై పట్టింపు, పుండుపై ఉదాసీనత

దేశ రాజధాని పేరును ప్రపంచ వైద్య గ్రంథాలలో శాశ్వతంగా ఎక్కించిన ఘనత ఏ నాయకుడిదీ కాదు, ఏ రాజసౌధానిదీ కాదు. అది ఒక ఎంజైముకు దక్కింది. ‘న్యూఢిల్లీ మెటలో బీటా లాక్టమేజ్’ అనే నోరు తిరగని పేరును వైద్యులు ఎన్.డి.ఎం.-1 అని పొట్టిగా పిలుస్తారు. స్వీడన్‌లో నివసించే భారత సంతతి వ్యక్తి ఒకరు న్యూఢిల్లీలో ఆస్పత్రి పాలై తిరిగి వెళ్ళిన తరువాత, 2008లో అక్కడి వైద్యులు ఆయన శరీరంలోని క్లెబ్సియెల్లా అనే బాక్టీరియాలో ఈ పదార్థాన్ని కనుగొన్నారు. ఏ మందూ పనిచేయనప్పుడు వాడుకుందామని ఆస్పత్రులు దాచిపెట్టుకునే కార్బపెనెమ్ తరగతి మందులను సైతం ఇది ముక్కలు చేసి పారవేస్తుంది. ఇది ఎక్కడ దొరికిందో ఆ ఊరి పేరే దీనికి పెట్టారు. ఆ నామకరణంతో మొదలైన రభసను, ఆ రభసలో మరుగున పడిపోయిన అసలు సంగతిని ఈ వారం పాఠకుల ముందు ఉంచదలచాను. కారణం, పదిహేనేళ్ళు దాటినా ఆ అసలు సంగతి ఇంకా మరుగుననే ఉంది.

2010 ఆగస్టులో లాన్సెట్ వారి అంటువ్యాధుల పత్రిక ఒక వ్యాసాన్ని ప్రకటించింది. చెన్నైలో 44, హర్యానాలో 26, బ్రిటన్‌లో 37, భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలోని ఇతర కేంద్రాలలో 73 బాక్టీరియా నమూనాలలో ఎన్.డి.ఎం.-1 కనిపించిందన్నది ఆ వ్యాస సారాంశం. వ్యాసకర్తలలో మొదటి పేరు మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన యువ పరిశోధకుడిది. చవకగా శస్త్రచికిత్స చేయించుకోవడానికి భారతదేశం వెళ్ళే బ్రిటిష్ రోగులు జాగ్రత్త వహించాలన్న ధ్వని కూడా అందులో ఉంది. ఇక చూడండి! పార్లమెంటు వర్షాకాల సమావేశాలు నడుస్తున్న రోజులవి. భారత వైద్య పర్యాటకాన్ని దెబ్బ తీయడానికి బహుళజాతి సంస్థలు పన్నిన పన్నాగం కావచ్చునని రాజ్యసభలో బి.జె.పి. సభ్యుడు అహ్లూవాలియా అనుమానం వ్యక్తం చేశారు. ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఆగమేఘాల మీద ఖండన జారీ చేసింది. అధికార పక్షం, ప్రతిపక్షం ఏకకంఠంతో మాట్లాడిన అరుదైన సందర్భాలలో ఇది ఒకటి. పర్యాటకం గురించిన ఆ వ్యాఖ్యలతో తనకు ఏకీభావం లేదని ఆ మద్రాసు పరిశోధకుడే చెప్పుకోవలసి వచ్చింది. 2011 జనవరిలో లాన్సెట్ సంపాదకుడు రిచర్డ్ హార్టన్ ఢిల్లీకి వచ్చి, నగరం పేరు పెట్టడం పొరపాటేనని క్షమాపణ చెప్పారు. రాజధాని సంతృప్తి చెందింది. ఫైలు మూసివేయబడింది.

పేరు మీద అభ్యంతరం పూర్తిగా అర్థం లేనిదని నేను అనను. ఒక నగరాన్ని రోగంతో ముడిపెట్టడం ఎవరికీ ఇష్టముండదు. అయితే ఇదే జాతికి చెందిన మరొక ఎంజైము ఇటలీలోని వెరోనా నగరం పేరు మోస్తున్నది. ఇంకొకటి సియోల్ పేరు, వేరొకటి సావోపాలో పేరు మోస్తున్నాయి. ఆ నగరాల పరువు మునిగిపోయిన దాఖలాలు లేవు.

అంతకన్నా గమనించవలసిన విషయం ఒకటుంది. లాన్సెట్ వ్యాసానికి కొన్ని నెలల ముందే, 2010 మార్చిలో, మన దేశపు ఫిజీషియన్ల సంఘం పత్రికలో ముంబయిలోని హిందుజా ఆస్పత్రి వైద్యులు ఇదే మాట చెప్పారు. మూడు నెలల కాలంలో వారికి కార్బపెనెమ్‌కు లొంగని బాక్టీరియాలు 24 దొరికితే, వాటిలో 22 ఎన్.డి.ఎం.-1 ఉన్నవే. అదే సంచికలో చెన్నై వైద్యుడు అబ్దుల్ గఫూర్ యాంటీబయాటిక్ మందులకు ఏకంగా చరమ వార్తే రాశారు. మన పత్రికలో మనవారు రాస్తే పార్లమెంటులో ఒక్క గొంతు లేవలేదు. విదేశీయుడు రాస్తే దేశ గౌరవం జ్ఞాపకం వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం, 2011 ఏప్రిల్‌లో, ఇదే నగరంలోని మడుగుల నుంచి, వీధి కాలువల నుంచి తీసిన 171 నమూనాలలో 51, కుళాయి నీటి నమూనాలు 50లో రెండు ఈ జన్యువును మోస్తున్నాయని మరొక వ్యాసం వెలువడింది. అప్పుడు కూడా అధికారుల ప్రధాన ఫిర్యాదు నీళ్ళను గురించి కాదు. నమూనాలు అనుమతి లేకుండా దేశం దాటిపోయాయన్నది!

ఎద్దు పుండు కాకికి ముద్దా అని మనవారు ఊరకే అనలేదు.

ఆ పుండు సంగతికి వద్దాం. రాజధానిలోని ఒక పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి వెలుపల, ఫుట్‌పాత్ మీద, దేశం నలుమూలల నుంచి వచ్చిన రోగుల బంధువులు వంటలు చేసుకుంటూ, నిద్రపోతూ కనిపించడం ఢిల్లీ వాసులకు నిత్య దృశ్యమే. అక్కడ తెలుగు మాట వినిపిస్తే ఆగి పలకరించడం నాకు అలవాటు. ఆ విధంగా ఒకసారి శ్రీకాకుళం జిల్లా రైతు ఒకాయన తారసపడ్డారు. ఢిల్లీ శివార్లలో భవన నిర్మాణం పనికి వచ్చిన కొడుకు పరంజా మీద నుంచి పడ్డాడు. కాలు విరిగింది. ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో ఎముకకు ప్లేటు వేశారు. ఎముక అతికే లోపలే కుట్లు చీము పట్టాయి. రెండు నెలల్లో నాలుగు రకాల సూది మందులు మారాయి. అప్పు పెరిగింది, చీము తగ్గలేదు. చివరకు ఇక్కడికి చేర్చారు. చీము పరీక్ష నివేదిక ఆయన జేబులో మడతలు పడి ఉంది. ఒక వరుసలో మందుల పేర్లు, ఎదురుగా అక్షరాలు. లొంగుతుంది అంటే ఒక అక్షరం, లొంగదు అంటే మరొకటి. పై నుంచి కింది దాకా దాదాపు అన్నిటి ఎదుటా లొంగదనే అక్షరమే. “ఇన్ని మందులకీ ఒకే అచ్చరం ఏసినారేటి బాబూ?” అని ఆయన అడిగారు. నేను చెప్పగలిగిన జవాబు ఆయనకు పనికివచ్చేది కాదు. ఆ జవాబు ఢిల్లీలోని మరి కొన్ని భవనాల నుంచి రావలసి ఉంది.

ఆ కాగితం ఎలా తయారవుతుందో చెప్పడం అవసరం. గాయం నుంచి తీసిన చీమును పోషక పదార్థం పరచిన పళ్ళెంలో పెంచుతారు. బాక్టీరియా పెరగడానికి ఒక రోజు పడుతుంది. ఆ తరువాత వివిధ యాంటీబయాటిక్‌లు పట్టించిన చిన్న కాగితపు బిళ్ళలను దాని మీద ఉంచుతారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ బాక్టీరియా పెరగని వలయం ఏర్పడుతుంది. పనిచేయకపోతే బిళ్ళ అంచు దాకా పెరిగిపోతుంది. మొత్తం మీద రెండు మూడు రోజుల పని. ఖర్చు పెద్దదేమీ కాదు. కావలసింది ఒక ప్రయోగశాల, శిక్షణ పొందిన ఒక సూక్ష్మజీవి శాస్త్రవేత్త, నమూనాను సరిగా తీసే చేయి. పుండు పైపైన దూదితో తుడిచి పంపితే చర్మం మీద మామూలుగా ఉండే జీవులే పెరుగుతాయి. లోతు నుంచి చీము తీయాలి. ఈ మాత్రం సదుపాయం ఎన్ని జిల్లా ఆస్పత్రులలో రాత్రింబవళ్ళు పనిచేస్తున్నదో పాఠకులు తమ తమ జిల్లాలలో విచారించుకోవచ్చు.

ప్రయోగశాల లేని చోట, ఉన్నా నివేదిక కోసం ఆగని చోట, వైద్యుడు ఊహ మీద మందు రాస్తాడు. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం 2021-22లో దేశంలోని 20 పెద్ద బోధనాసుపత్రులలో 9,652 మంది రోగుల చికిత్సను పరిశీలించింది. వారిలో 71.9 శాతం మంది ఏదో ఒక యాంటీబయాటిక్ మీద ఉన్నారు. రాసిన మందులలో సగానికి మించి, 55 శాతం, రోగం వచ్చినందుకు కాదు, వస్తుందేమోనని ఇచ్చినవి. చికిత్స కోసం ఇచ్చిన వాటిలో కూడా ఫలానా బాక్టీరియా అని నిర్ధారించుకుని ఇచ్చినవి కేవలం 6 శాతం. మిగిలిన 94 శాతం ఊహ! ఇవి ఏ మారుమూల ఆర్.ఎం.పి. గారి లెక్కలో కావు. దేశంలోని మేటి ఆస్పత్రుల లెక్కలు. గోటితో పోయే దానికి గొడ్డలి వాడితే ఆ గొడ్డలి మొద్దుబారక ఏమవుతుంది?

మొద్దుబారింది. భారత వైద్య పరిశోధనా మండలి 2013 నుంచి కొన్ని పెద్ద ఆస్పత్రులతో ఒక పరిశీలనా వ్యవస్థను నడుపుతున్నది. ఆ లెక్కల ప్రకారం క్లెబ్సియెల్లా బాక్టీరియా మీద ఇమిపెనెమ్ అనే కార్బపెనెమ్ 2016లో 65 శాతం సందర్భాలలో పనిచేసేది. 2021 నాటికి అది 43 శాతానికి దిగిపోయింది. గాయాలలో చీముకు అన్నిటికన్నా తరచుగా కారణమయ్యే స్టఫైలోకాకస్ ఆరియస్ సంగతి చూస్తే, మెథిసిలిన్ తరగతికి లొంగని రకం 2016లో 28.4 శాతం ఉండగా 2021లో 42.6 శాతం అయింది. ఐదేళ్ళలో ఇంతటి పతనం!

బాక్టీరియా ఈ విద్యను ఎక్కడ నేర్చుకుంటుంది? కొంతవరకు తనంతట తానే. కోటానుకోట్లలో ఒకటి, పొరపాటున జన్యువు మారి, మందుకు చావకుండా మిగులుతుంది. మిగిలినవన్నీ చచ్చి చోటు ఖాళీ చేస్తాయి కనుక అది ఇల్లంతా ఆక్రమిస్తుంది. చాలీచాలని మోతాదు వాడితే బాక్టీరియాకు ఈ పాఠం మనమే నేర్పినట్లవుతుందని పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు. దానికి మించిన మార్గం మరొకటుంది. ప్లాస్మిడ్ అనే చిన్న జన్యు వలయాన్ని ఒక బాక్టీరియా పక్కనున్న మరొక జాతి బాక్టీరియాకు అందించగలదు. మనుషులలో విద్య తండ్రి నుంచి కొడుక్కి వస్తే, వీటిలో పొరుగింటివాడికి కూడా క్షణంలో వస్తుంది. ఎన్.డి.ఎం.-1 ప్రయాణించింది ఈ వాహనం మీదనే. వార్డులో ఒక మంచం నుంచి పక్క మంచానికి ఆ వాహనాన్ని చేరవేసేది చాలా సందర్భాలలో కడుక్కోని చేయి.

ఈ సందర్భంలో శస్త్రచికిత్స గాయాన్ని ప్రత్యేకంగా ఎందుకు ప్రస్తావిస్తున్నానంటే, ఇది మన రాష్ట్రాలకు మరీ దగ్గర సమస్య. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 ఆ విధంగా జరిగాయి. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రులలోనైతే 81.5! అవసరం ఉన్నా లేకున్నా కోసిన ప్రతి కడుపూ ఒక గాయమే. కోతకు ముందు గంట లోపల ఒక్క మోతాదు యాంటీబయాటిక్ ఇస్తే సాధారణంగా చాలునని వైద్య శాస్త్రం చెబుతున్నది. మన దగ్గర ఐదు రోజులు, వారం రోజులు కొనసాగించే ఆచారం బలంగా ఉంది. వైద్యులను అడిగితే వారు దాపరికం లేకుండా చెబుతారు: “థియేటరు శుభ్రత మీద నమ్మకం లేదు, గది నిండా రోగులు, మంచానికి ఇద్దరు, మందు మానేస్తే చీము పడితే ఎవరిది పూచీ?” అంటే నీళ్ళు, సబ్బు, ఆవిరి యంత్రం, నర్సుల సంఖ్య, ఇవి చేయవలసిన పనిని మందు చేత చేయిస్తున్నాము. మందు ఆ పని చేయలేదు. చేయబోయి తన బలం పోగొట్టుకుంటున్నది.

శుభ్రత తప్పితే ఏమవుతుందో 2022 ఆగస్టులో హైదరాబాదు పొలిమేరలోని ఇబ్రహీంపట్నం చూపించింది. ఒకే రోజున 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు చనిపోయారు. స్టఫైలోకాకస్ ఇన్ఫెక్షన్ కారణమని ఆరోగ్య శాఖాధికారులే ప్రకటించారు. అది మందుకు లొంగని రకమని నేను అనడం లేదు. లొంగే క్రిమి సైతం ఇంత చేయగలిగినప్పుడు, లొంగనిది థియేటరులో మకాం పెడితే పరిస్థితి ఏమిటన్నది నా ప్రశ్న.

ఢిల్లీ ఏమీ చేయలేదనడం అన్యాయమవుతుంది. చేసినవన్నీ కాగితం మీద చక్కగా ఉన్నాయి. 2011లో జాతీయ విధానం ప్రకటించారు. 2012లో వైద్య సంఘాలు చెన్నైలో సమావేశమై ఆచరణ సాధ్యమైన మార్గసూచి ఒకటి రూపొందించాయి. 2014 మార్చి నుంచి హెచ్-1 షెడ్యూలు అమలులోకి వచ్చింది. దాని ప్రకారం 46 మందులను, అందులో బలమైన యాంటీబయాటిక్‌లు అనేకం, వైద్యుడి చీటీ లేనిదే అమ్మకూడదు. అమ్మినప్పుడు వైద్యుడి పేరు, రోగి పేరు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. 2016లో మందు అట్టల మీద ఎర్ర గీత ప్రచారం మొదలైంది. 2017లో ఐదేళ్ళ జాతీయ కార్యాచరణ ప్రణాళిక. 2024 జనవరిలో ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్, యాంటీబయాటిక్ రాసేటప్పుడు ఎందుకు రాస్తున్నారో చీటీ మీద కారణం పేర్కొనవలసిందిగా వైద్య కళాశాలలకు లేఖ రాశారు. 2025 నవంబరులో రెండవ జాతీయ ప్రణాళికను మంత్రి నడ్డా ఆవిష్కరించారు.

ఇన్ని చేసినా మందుల షాపులో చీటీ అడిగేవాడు ఎందుకు అరుదు? రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ఆస్పత్రులు, ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. మందులు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. చట్టం కేంద్రానిది, షాపులకు వెళ్ళే డ్రగ్ ఇన్‌స్పెక్టరు రాష్ట్రానికి చెందినవాడు. ప్రణాళిక ఢిల్లీది, థియేటరు రాష్ట్రానిది. పార్లమెంటులో ఎవరైనా సభ్యుడు ప్రశ్న వేస్తే, ఆరోగ్యం రాష్ట్రాల పరిధిలోనిది అనే వాక్యం మంత్రిత్వ శాఖ జవాబులలో అచ్చు పోసినట్లు కనిపిస్తుంది. రాష్ట్రాలను అడిగితే కేంద్రం నిధులివ్వలేదంటాయి. మొదటి ప్రణాళిక కాలం 2021తో ముగిసేనాటికి సొంత కార్యాచరణ ప్రణాళిక ప్రకటించినవి కేరళ, మధ్యప్రదేశ్, ఢిల్లీ మాత్రమే. ఆంధ్రప్రదేశ్ ఆ తరువాత చేరింది. ఇద్దరు మామల నడుమ అల్లుడు పస్తున్నట్లు, ఇన్ని ప్రభుత్వాల నడుమ రోగి గాయం ఎండకుండా ఉంది.

తెలుగువారికి ఈ కథలో మరొక పాత్ర కూడా ఉంది; అది గర్వకారణమూ అవును, తలవంపూ అవును. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలకు నాయకత్వం వహిస్తున్న రోజులలోనే, అక్కడి శాస్త్రవేత్త డగ్గర్ మట్టిలోని ఒక జీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అది మొదలు. 1948లో అది వెలుగు చూసిన సంవత్సరమే సుబ్బారావుగారు కన్ను మూశారు. ఆ వెంటనే, అదే సంస్థలో, ఆ మందు తీయగా మిగిలిన పిప్పిని మేతలో కలిపితే కోడిపిల్లలు త్వరగా బరువెక్కుతాయని కనుగొన్నారు. మేతలో మందు కలిపే అలవాటు ప్రపంచమంతా అక్కడి నుంచే పాకింది. శ్రీకాకుళం రైతు కొడుకు వంటి రోగులకు ఇప్పుడు చివరి దిక్కుగా మిగిలిన కొలిస్టిన్ అనే మందును, మూత్రపిండాలకు హాని చేస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టి మళ్ళీ వెలికి తీసిన ఆ మందును, మన దేశంలో కోళ్ళ బరువు పెంచడానికి 2019 జూలైలో నిషేధించేదాకా వాడుతూనే వచ్చారు.

ఇక పటాన్‌చెరు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించి నివ్వెరపోయారు. దాదాపు 90 మందుల కర్మాగారాల వ్యర్థాలు ఆ కేంద్రానికి చేరేవి. ‘శుద్ధి’ చేసిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు మింగిన రోగి నెత్తురులో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ! రోజుకు సుమారు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ ఆ కేంద్రం నుంచి వెలువడుతున్నదని వారు లెక్క కట్టారు. ఇసుకవాగు, నక్కవాగు, మంజీర: ఆ నీరు పోయిన దారి అది. బాక్టీరియాకు ఇంతకన్నా మంచి పాఠశాల ఎవరు కట్టించగలరు?

కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ఔషధ కర్మాగారాల వ్యర్థజలాలలో ఏ యాంటీబయాటిక్ ఎంత మించకూడదో పరిమితులు సూచిస్తూ ముసాయిదా నిబంధనలు ప్రకటించినప్పుడు ప్రపంచమంతా మెచ్చుకుంది. అటువంటి చట్టం మరే దేశంలోనూ అప్పటికి లేదు. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వెలువడ్డాయి. యాంటీబయాటిక్ పరిమితులు మాత్రం అందులో లేవు! ముసాయిదాకూ తుది ప్రతికీ నడుమ ఏ చేతులు తిరిగాయో ఊహించడానికి ఢిల్లీలో ఎక్కువ కాలం ఉండనక్కరలేదు. పరిశ్రమవారి వాదనలో కొంత సారం లేకపోలేదు. ఖర్చు పెరిగితే మందు ధర పెరుగుతుంది. పొరుగు దేశపు పోటీదారుడికి ఆ నిర్బంధం లేదు. కాని చవకగా తయారైన మందు పనిచేయకుండా పోతే, దాని ధర ఎంతైతేనేం? 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై మార్గదర్శకాలు విడుదల చేసింది. మనం ముందుగా వేసి వెనక్కి తీసుకున్న అడుగునే అది ఇప్పుడు అందరినీ వేయమంటున్నది.

ఈ క్రిములకు సరిహద్దులు లేవని ఉపఖండం అనుభవం. పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో మన రాజధాని పేరే గల మరొక హైదరాబాదు ఉంది. 2016 నవంబరు నుంచి అక్కడ మొండి టైఫాయిడ్ చెలరేగింది. మామూలు మందులేవీ పనిచేయవు. నోటి మందులలో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. టైఫాయిడ్ బాక్టీరియా ఆ శక్తిని మరొక పేగు బాక్టీరియా నుంచి ప్లాస్మిడ్ రూపంలో అరువు తెచ్చుకున్నదని తరువాత తేలింది. పాకిస్తాన్ ఏమి చేసింది? 2019 నవంబరులో, ప్రపంచంలో మొదటి దేశంగా, కొత్తరకం టైఫాయిడ్ టీకాను తన సాధారణ టీకాల కార్యక్రమంలో చేర్చింది. ఆ టీకా మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారు చేసినది. రెండు ప్రభుత్వాలు పలకరించుకోని కాలంలో ఒక హైదరాబాదు టీకా మరొక హైదరాబాదు పిల్లలను కాపాడింది. ఈ సంగతి మన రాజకీయ ఉపన్యాసాలలో ఎక్కడా వినరాదు.

మందు మితిమీరి వాడుతున్నామన్నది నిజమే. దాని పక్కనే మరొక నిజం ఉంది. 2019లో భారతదేశంలో కార్బపెనెమ్‌కు లొంగని తీవ్ర ఇన్ఫెక్షన్లు సుమారు 10 లక్షలు సంభవించాయనీ, వాటిలో సరైన మందు అందినది 7.8 శాతానికేననీ 2025లో వెలువడిన ఒక అంతర్జాతీయ అంచనా చెబుతున్నది. అవసరం లేనివాడికి మందు వీధి చివర దొరుకుతుంది. ప్రాణం మీదికి వచ్చినవాడికి ఆ మందు పనిచేయదు, పనిచేసేది అందదు. కట్టుదిట్టం చేయండి అని మాత్రమే ఉపదేశించేవారు ఈ రెండవ నిజాన్ని మరిచిపోతుంటారు. 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ, ఈ సమస్యతో ముడిపడిన మరణాలను 2030 నాటికి 10 శాతం తగ్గించాలని తీర్మానించింది. సభలో మన దేశమూ ఉంది. తగ్గిందో లేదో తేల్చాలంటే ముందు లెక్క ఉండాలి గదా!

అసలు చిక్కు ఇక్కడే ఉంది. లొంగని బాక్టీరియాలను కొన్ని పెద్ద ప్రయోగశాలలు లెక్కిస్తున్నాయి. చీము పట్టిన గాయాలను, ఆస్పత్రి వారీగా, బహిరంగంగా లెక్కించి చెప్పే నిర్బంధం దేశం మొత్తం మీద ఏదీ లేదు. ఏ ఆస్పత్రిలో నూరు సిజేరియన్లకు ఎన్ని గాయాలు చెడుతున్నాయో కాన్పుకు పోయే కుటుంబానికి తెలిసే మార్గం లేదు. ఇంగ్లండులో కూడా ఒకప్పుడు ఇదే పరిస్థితి. 2001 నుంచి అక్కడి ప్రభుత్వ ఆస్పత్రులన్నీ మెథిసిలిన్‌కు లొంగని స్టఫైలోకాకస్ నెత్తుటిలో చేరిన ప్రతి సందర్భాన్నీ నివేదించి తీరాలన్నారు. అంకెలు ఆస్పత్రి పేరుతో సహా పత్రికలకెక్కాయి. పార్లమెంటులో గగ్గోలు పుట్టింది, ఎన్నికలలో అది చర్చనీయాంశమైంది. 2004లో సగానికి తగ్గించాలని లక్ష్యం విధించారు. 2003-04లో సుమారు 7,700 ఉన్న సందర్భాలు 2008-09 నాటికి 3,000 లోపునకు దిగాయి. ఆ ఐదేళ్ళలో వారు కొత్త మందు కనిపెట్టలేదు. చేతులు కడిగించారు, సూదుల దగ్గర శుభ్రత పాటింపజేశారు, తప్పిన ఆస్పత్రి అధిపతిని జవాబు అడిగారు.

మన దేశంలో ఇటువంటి ధోరణి కొంతైనా కనిపించేది కేరళలో. 2018లోనే ప్రణాళిక వేసుకుని, రాష్ట్రం మొత్తానికి ఏ బాక్టీరియాకు ఏ మందు పనిచేస్తున్నదో తెలిపే పట్టికను ఏటా ప్రచురించడం మొదలుపెట్టింది. 2024లో చీటీ లేకుండా అమ్మే షాపుల మీద దాడులు జరిపించింది. అమ్మకాలు గణనీయంగా పడిపోయాయని ఆ ప్రభుత్వం చెప్పుకుంటున్నది. కేరళకు ఉన్న ప్రయోగశాలలు, చదువు ఇతర రాష్ట్రాలకు లేవన్నది మామూలు సమాధానం. ఔషధ రాజధానిగా చెప్పుకునే హైదరాబాదు గల తెలంగాణ, మంగళగిరిలో అఖిల భారత వైద్య సంస్థ గల ఆంధ్రప్రదేశ్ ఆ సమాధానం చెప్పుకోగలవా?

రెండవ జాతీయ ప్రణాళిక ఆచరణలో ఏమవుతుందో పరీక్షించడానికి ఒక చిన్న ఆనవాలు చాలు. వైద్య పరిశోధనా మండలి వార్షిక నివేదికలు నేను చూసినవాటిలో ప్రతి ఆస్పత్రికీ పేరు బదులు ఒక సంఖ్య ఉంటుంది: ప్రాంతీయ కేంద్రం ఒకటి, ప్రాంతీయ కేంద్రం రెండు, ఈ విధంగా ఇరవై దాకా. ఏ కేంద్రంలో ఏ మందు ఎంత విఫలమవుతున్నదో పట్టికలలో స్పష్టంగా ఉంటుంది. ఆ కేంద్రం ఏ ఊరిలో ఉన్నదో మాత్రం ఉండదు. పేర్లు బయటపెడితే ఆస్పత్రులు లెక్కలే ఇవ్వడం మానేస్తాయని అధికారుల భయం. ఆ భయం నిరాధారం కాదు. అయితే ఆ నివేదికలకు ఖర్చయ్యేది ప్రజాధనం, ఆ అంకెలలో ఉన్నది ప్రజల గాయాలు. ఆ సంఖ్యల పక్కన ఊరి పేర్లు ఎప్పుడు వేస్తారని ఇరు రాష్ట్రాల లోక్‌సభ సభ్యులు 42 మందిలో ఒక్కరైనా ప్రశ్నోత్తరాల సమయంలో అడిగితే, మంత్రిగారు ఈసారి ఆరోగ్యం రాష్ట్రాల జాబితాలోనిదని తప్పించుకోలేరు. ఆ నివేదిక కేంద్రానిదే.